దొరలకూ శవాలకూ ఒకటే ఈల

ఈలాయన ఇంట్లో ఎవరినీ నోటితో పిలిచేవాడు కాదు. మెడలో వేలాడే ఈలతో పిలిచేవాడు. భార్యకి ఒక పొడుగు కూత, పెళ్లయి వెళ్లిపోయేదాకా కూతురికి రెండు పొట్టి కూతలు. ఇద్దరూ ఒకేసారి పరిగెత్తుకు రావాలంటే చెవులు చిల్లులు పడేలా మరో కూత ఉండేది. కంచం ముందు కూర్చుని నీళ్లు లేవని తెలిస్తే చాలు, చెయ్యి ఈల మీదకి పోయేది.

కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో భార్య ఊరుకోలేదు.

"నేనేమన్నా పడవనా, మీరు ఊదగానే ఒడ్డుకి రావడానికి? నోరు లేదా మీకు?"

"ఓడలో మూడొందల మంది ఈ ఈలకే లేస్తారు, ఈ ఈలకే పడుకుంటారు. నీకేం కష్టం?"

"వాళ్లకి జీతం ఇస్తారు."

ఈ గొడవ ఏడాది పాటు నడిచి, తర్వాత అలసిపోయి ఆగిపోయింది. ఆవిడ ఈలకి పలకడం అలవాటు చేసుకుంది. అలవాటైందంటే ఇష్టమైందని కాదు. ఆ ఈలని ఆవిడ సవతిని చూసినట్టు చూసేది. రాత్రి ఆయన తలగడ కింద పెట్టుకుంటే, పొద్దున తీసి బల్ల మీద గిరాటేసేది.

ఆ ఈల వేలెడంత ఉంటుంది. వంగిన సన్నటి గొట్టం, దాని కొసన గోలీకాయంత బోలు గుండు, గుండుకో చిన్న బొక్క. చెయ్యి తెరిచి ఊదితే కింది స్వరం, పిడికిలి మూస్తే పైస్వరం. చూడటానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది కానీ దాన్ని సరిగ్గా పట్టుకోవడానికి రెండేళ్లు పడుతుంది. ఈలాయనకి అంతకన్నా ముందే వచ్చింది, ఎందుకంటే ఆయనకి నేర్పినవాడి చేతిలో తారు పూసిన తాడు ముక్క ఉండేది.

ఆ రోజుల్లో దేశం మనది కాదు, సముద్రం అంతకన్నా కాదు. బ్రిటిష్ నౌకాదళంలో పని చేసి చేసి ముసలైపోయిన ఒక తెల్ల నావికుణ్ణి ఇక్కడి కుర్రాళ్లకి శిక్షణ ఇవ్వమని పంపారు. ఎండకి అతని మెడ ఎప్పుడూ కందిపోయి ఉండేది కాబట్టి కుర్రాళ్లంతా వెనకాల ఎర్రమెడ అనేవాళ్లు. స్వరం తప్పితే వేళ్ల మీద తాడు దెబ్బ. ఊపిరి మధ్యలో తెగితే మెడ మీద. దెబ్బకి ఎవడైనా అబ్బా అన్నాడంటే, ఆ అబ్బా అన్నందుకు ఇంకోటి. ఈలాయన కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా చాపడానికి రాదు. అదే తన చదువుకి సర్టిఫికెట్టని చూపించుకుంటాడు, తిక్కమనిషి.

ఒక రోజు ఎర్రమెడ ఉద్యోగం అయిపోయింది. సంచి భుజాన వేసుకుని ఓడ దిగాడు. ఎవరూ ఈల ఊదలేదు. మెట్లు దిగాక వెనక్కి తిరిగి ఒక్క క్షణం ఓడ వైపు చూసి వెళ్లిపోయాడు. పీడా విరగడైందని కుర్రాళ్లు ఆ సాయంత్రం గంతులేశారు. మన కుర్రాడు కూడా గంతులేశాడు. ముసలాయన వెనక్కి తిరిగి ఏం చూశాడో అప్పుడు ఎవరికి పట్టింది?

తర్వాత జెండా మారింది. రాజుగారి పటం తీసేశారు. అది తగిలించిన మేకు మాత్రం తియ్యలేదు, దాని మీదే ఇంకో పటం వచ్చింది. మిగతాదంతా అలాగే ఉంది. ఆజ్ఞలు ఇంగ్లీషులోనే. ఆఫీసర్ల భోజనాల గదిలో వెండి చెంచాలు అవే, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలనే లెక్క అదే, మందు సీసా ఎటువైపు నుంచి ఎటువైపుకి తిప్పాలో కూడా అదే. ఆఫీసర్లు ఎక్కే మెట్లు నావికులు ఎక్కకూడదు. ఆఫీసర్ల వంటగది వేరు, నావికుల వంటగది వేరు. తెల్లదొర పోయి నల్లదొర వచ్చాడు. ఒకే ఒక్క తేడా ఏమిటంటే తెల్లదొర తిడితే సగం అర్థమయ్యేది కాదు, ఈయన తిడితే పూర్తిగా అర్థమయ్యేది.

ఈల సంగతి అంతకన్నా ఘోరం. వెనకటికి తెరచాప ఓడల కాలంలో, పడవలో వచ్చిన ఆఫీసరు పైకి ఎక్కలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి తాళ్లతో లాగేవాళ్లట. తాడు ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆపాలో ఈల చెప్పేది. అంటే అది సామాను ఎత్తే కూత. ఇప్పుడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉంది, ఆఫీసర్లకి రెండేసి కాళ్లున్నాయి. అయినా కెప్టెన్ ఎక్కితే ఈల, దిగితే ఈల. మెట్ల పక్కన మనుషులు కొయ్యబారి నిలబడాలి, టోపీల మీదకి చేతులు లేవాలి. ఆ కూత చాలా పొడుగు. కింది స్వరంతో మొదలై, సన్నగా పైకి లేచి, అక్కడ నిలబడి, మళ్లీ మెల్లగా దిగాలి. ఒక్క ఊపిరిలో అయిపోవాలి.

అలా ఈలాయన ముప్పై ఏళ్లకి పైగా దొరల్ని ఎక్కించాడు, దింపాడు. పొట్టి దొరలు, పొడుగు దొరలు, తాగి తూలుతూ దిగిన దొరలు, తనకన్నా సగం వయసున్న దొరలు. ఒక్కడు కూడా ఆయన మొహం చూసి ఉండడు. చూడటానికి ఆయన మొహం ఎప్పుడూ ఈల వెనకాలే ఉండేది.

నావికుడికి ఆ కూత ఉండదు. ఎన్నేళ్లు చాకిరీ చేసినా, ఓడ తగలబడుతుంటే లోపలికి దూకి మనుషుల్ని లాక్కొచ్చినా ఉండదు. ఒక్క సందర్భంలో తప్ప. నావికుడు చనిపోతే, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, మీద దుప్పటి కప్పి, దుప్పటి మీద అతని టోపీ పెట్టి ఓడ దింపుతారు. అప్పుడు ఊదుతారు. సరిగ్గా అదే కూత, స్వరం కూడా తేడా లేదు. దొర కాళ్ల మీద నడిచి దిగినా అదే, నావికుడు నలుగురి చేతుల మీద దిగినా అదే. ఈ కథ ఈలాయన భార్యకి ఎన్నోసార్లు చెప్పాడు. రేవు పైన గుట్ట మీద నావికుల క్వార్టర్లు ఉండటం వల్ల ఆవిడకి ఓడ ఈలలన్నీ వినిపించేవి. భోజనం ఈల ఏదో, పని ముగింపు ఈల ఏదో ఆవిడ పనిలో తల ఎత్తకుండానే చెప్పేది. ఆ పొడుగు కూత వినపడినప్పుడల్లా మాత్రం చేతిలో పని ఆపి కిటికీలోంచి రేవు వైపు చూసేది. కాళ్ల మీద దిగినవాడు కనపడ్డాక మళ్లీ పనిలో పడేది.

ఇక ఈలాయన తన కింద తయారు చేసిన శిష్యుల గురించి చెప్పాలంటే, పాపం వాళ్లు. ఎర్రమెడ పోయాడు కానీ తాడు ముక్క పోలేదు. అది ఈలాయన జేబులోకి వచ్చింది. ఆయన దగ్గర ఈల నేర్చుకున్న వాళ్లలో ఒక్కడి వేళ్లు కూడా చక్కగా లేవు. అందరికన్నా ఎక్కువ తిన్నవాడు ఎడమోడు. పేరులోనే ఉంది సంగతి, వాడికి అన్నీ ఎడంచేతి వాటం. బ్రిటిష్ పద్ధతిలో ఈల కుడిచేత్తోనే పట్టుకోవాలి.

"సార్, ఎడంచేత్తో అయితే బాగా వస్తుంది సార్. ఒక్కసారి వినండి."

"నువ్వు బాగా ఊదాలని ఎవడు ఏడ్చాడ్రా ఇక్కడ? సరిగ్గా ఊదు."

ఎడంచెయ్యి పైకి లేచినప్పుడల్లా తాడు దెబ్బ పడింది. ఎడమోడు పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల తండ్రయ్యాక కూడా పడింది. చివరికి కుడిచేత్తో నేర్చుకున్నాడు. వాడు ఊదితే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, వినడానికీ ఏమీ ఉండదు.

రోజులు ఇలా ఉండగా ఈలాయనకి పదవీ విరమణ దగ్గరపడింది. అప్పుడు పుట్టింది ఆయనకి ఆ కోరిక. ఎప్పటినుంచి మనసులో ఉందో తెలియదు కానీ, బయట పడ్డాక మాత్రం ఆరు నూరైనా వదిలేలా లేదు. తను దిగేటప్పుడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ పొడుగు కూత ఊదాలి. ముప్పై ఏళ్లు ఊదినవాడు తన చెవులతో ఒక్కసారి వినాలనుకోవడం తప్పా?

కెప్టెన్ తర్వాత ఓడలో పెద్దవాణ్ణి నావికులు చిన్నదొర అనేవాళ్లు. ఈలాయన బట్టలు ఇస్త్రీ చేయించుకుని, బూట్లు రుద్దుకుని చిన్నదొర గదికి వెళ్లాడు. చిన్నదొర అద్దం ముందు నిలబడి చెంప మీద గాటు చూసుకుంటున్నాడు. బ్రిటిష్ వాళ్ల యుద్ధనౌక ఒకటి స్నేహయాత్ర మీద అదే వారం రేవుకి రాబోతోంది. ఆ ఓడ కెప్టెన్‌ని మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. కెప్టెన్ ఊళ్లో లేకపోవడంతో ఆ హడావిడంతా నెత్తిన పడి చిన్నదొర నాలుగు రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఏంటి? త్వరగా చెప్పు."

"ఈ వారంతో నా సర్వీసు అయిపోతుంది సార్."

"తెలుసు. అయితే?"

"దిగేటప్పుడు ఈల ఊదిస్తే..."

"ఎవరు దిగేటప్పుడు?"

"నేనే సార్."

చిన్నదొర అద్దంలోంచే ఆయన వైపు చూశాడు. "మతుండే మాట్లాడుతున్నావా? అది ఆఫీసర్లకి."

"చనిపోయిన నావికులకి కూడా ఊదుతాం కద సార్."

"అయితే చచ్చిపో. ఊదిస్తాను."

చిన్నదొరకి తను వేసిన జోకు నచ్చింది కాబట్టి కొంచెం మెత్తబడ్డాడు.

"చూడవయ్యా, ఇది నేను పెట్టిన రూలు కాదు. వందల ఏళ్ల సంప్రదాయం. ఇవాళ నీకు ఊదితే రేపు వంటవాడు అడుగుతాడు. పైగా నువ్వు దిగే రోజే ఆ తెల్ల కెప్టెన్ వస్తున్నాడు. వాళ్ల నేవీ ముందు మన పరువేం కావాలి? వీళ్లకి ఏ కూత ఎవరికి ఊదాలో కూడా తెలీదనుకోడూ?"

"ఎవరి సంప్రదాయం సార్ అది?"

"మనది," అన్నాడు చిన్నదొర. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహంలో రవ్వంత అనుమానం లేదు. "ఇక వెళ్లు. ఆ రోజు పొద్దున తెల్ల కెప్టెన్ ఎక్కేటప్పుడు నువ్వే ఊదు. నీ అంత బాగా ఇంకెవరూ ఊదరు."

ఆ సాయంత్రం ఈలాయన ఇంటికొచ్చి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. చిన్నదొర పుట్టుపూర్వోత్తరాలన్నీ తీశాడు. భార్య బట్టలు మడతపెడుతూ విన్నది.

"ఇంతకీ ఏం పుట్టి మునిగింది? ఊదకపోతే మీరు దిగలేరా?"

"నీకు అర్థం కాదు."

"నాకెందుకు అర్థం కాదు? ఇన్నేళ్లు ఆ కూత వినపడినప్పుడల్లా కిటికీ దగ్గరకి పరిగెత్తింది నేను. నాకు ఈల వద్దు. మనిషి కావాలి. మీరు పెట్టె పట్టుకుని నోరు మూసుకుని దిగి రండి, నేను జెట్టీ మీదకి వస్తాను. ఇద్దరం నడుచుకుంటూ ఇంటికొద్దాం. అంతే."

సరే రమ్మన్నాడు ఆయన, మాటవరసకి. ఆవిడ చెప్పింది చెవికెక్కితే కద. ఆయన చెవిలో అప్పటికే ఇంకో మాట జోరీగలా తిరుగుతోంది. అయితే చచ్చిపో, ఊదిస్తాను.

ఓడ ఆసుపత్రి గదిలో ఈలాయనకి ఒక స్నేహితుడున్నాడు. కాలు విరిగినా, కడుపు నొచ్చినా, కంటికి కలక వచ్చినా ఒకే రంగు మాత్ర ఇస్తాడు కాబట్టి ఆయన్ని అందరూ మాత్రల మామ అనేవాళ్లు. ఈలాయన చెప్పింది విని మాత్రల మామ ముందు పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు, ఎందుకంటే అవతలివాడు నవ్వడం లేదు.

"నిజంగానే అంటున్నావా?"

"స్ట్రెచర్ నీ దగ్గరుంది. దుప్పటి నీ దగ్గరుంది. మోసేవాళ్లు నీ వాళ్లే. నేను చేసేదల్లా పడుకోవడమే."

"మెట్ల దగ్గర ఎవరైనా అడిగితే?"

"అడగరు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను. దుప్పటీ, టోపీ కనపడితే ముందు చెయ్యి లేస్తుంది. అడగడమంటూ ఉంటే అది తర్వాత. ఈ నేవీలో ముందు సెల్యూటు, తర్వాతే బుర్ర."

"నన్ను శిక్షిస్తారు కదరా."

"మధ్యాహ్నానికల్లా నేను మామూలు జనంలో మనిషిని. తప్పంతా నాదే అని చెప్పు. ఎన్నేళ్లుగా నీ మాత్రలు మింగుతున్నానో గుర్తు తెచ్చుకో. దానికైనా ఈ సాయం చెయ్యి."

మాత్రల మామ ఒప్పుకున్నాడు. ఆయనకీ లోపల కసి ఉంది. లేనివాడెవడు ఆ ఓడలో?

ఆ రోజు పొద్దున తెల్ల కెప్టెన్ వచ్చాడు. మెట్ల మీద అతని మొదటి అడుగు పడగానే ఈలాయన ఊదాడు. స్వరం సన్నగా లేచి, పైన నిలబడి, మెత్తగా దిగింది. తన ఉద్యోగంలో చివరి కూత. తెల్ల కెప్టెన్ టోపీకి చెయ్యి తగిలించి లోపలికి నడిచాడు, మొహం చూడలేదు. అందులో ఆశ్చర్యమేముంది? తర్వాత మధ్యాహ్నం వరకు ఈలాయన కాగితాల మీద సంతకాలు పెట్టాడు, అప్పగించాల్సినవి అప్పగించాడు. మెడలోని ఈల మాత్రం సొంతంగా కొనుక్కున్నది కాబట్టి మెడలోనే ఉంది.

భోజనాలయ్యాయి. మెట్ల దగ్గర మనుషులు రెండు వరసలుగా కొయ్యబారి నిలబడ్డారు. తెల్ల కెప్టెన్‌ని సాగనంపడానికి ఎడమోడు ఈల పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చిన్నదొర అతిథి పక్కన నిలబడి, అతని ప్రతి మాటకీ పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. సరిగ్గా అప్పుడు పక్క దారిలోంచి స్ట్రెచర్ వచ్చింది. నలుగురు మోస్తున్నారు. తలవైపు మాత్రల మామ, మొహం నేలకి దించుకుని ఉన్నాడు. కాళ్ల నుంచి తల దాకా బూడిదరంగు దుప్పటి, దాని మీద ఒక టోపీ.

చిన్నదొర నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. నోరు తెరిచాడు. ఎవరు, ఎప్పుడు, ఎలా అని అడగాలి. కానీ పక్కన తెల్ల కెప్టెన్ ఉన్నాడు, వాడు అప్పటికే కాళ్లు దగ్గరకి చేర్చి నిలబడ్డాడు. సొంత ఓడలో చనిపోయింది ఎవరో తెలియదని అతిథి ముందు ఒప్పుకునే మొనగాడు కాదు చిన్నదొర. ఎడమోడి వైపు తల ఊపాడు. టోపీల మీదకి చేతులు లేచాయి. తెల్లచెయ్యి కూడా లేచింది.

ఈల మోగింది.

దుప్పటి కింద ఈలాయన ఊపిరి బిగబట్టాడు. ముప్పై ఏళ్లు నోటితో చేసినదాన్ని మొదటిసారి చెవులతో వింటున్నాడు. కింది స్వరం మొదలైంది, ఇంత నిండుగా తను ఎప్పుడూ ఊదలేదు. అది పైకి లేచి పోయింది, ఎక్కడా అతుకు లేదు, ఎక్కడా వణుకు లేదు. పైన నిలబడి, ఇక తెగిపోతుందేమో అనుకునేంతసేపు నిలబడి, అప్పుడు దిగింది. స్ట్రెచర్ మెట్ల మీద ఒరిగి కిందికి దిగుతోంది. ఈలాయన కళ్ల కొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఎవడ్రా ఇది ఊదింది అనుకున్నాడు. ఎడమోడికి ఇంత ఊపిరి ఎక్కడిది?

స్ట్రెచర్ జెట్టీ మీద దించగానే ఆగలేకపోయాడు. దుప్పటి తోసేసి లేచి కూర్చుని పైకి చూశాడు. మెట్ల పైన ఎడమోడు నిలబడి ఉన్నాడు. వాడి మొహం పాలిపోయింది. ఈల ఇంకా పెదవుల దగ్గరే ఉంది. అది ఎడంచేతిలో ఉంది.

ఎవరి టోపీయో వాడు గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, చచ్చినవాడు ఇక చూడడు కదా అని చెయ్యి మార్చాడు. కళ్లలోకి కళ్లు పడగానే వాడి చెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోయింది, దెబ్బ పడుతుందని దాక్కునే చెయ్యిలాగా. ఈలాయన ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. శభాష్ అనాలనిపించింది. ఆ మాట ఆయనకి ఎవరూ నేర్పలేదు.

"ఏంటి ఈ వేషం!" అని చిన్నదొర పై నుంచి అరిచాడు.

"మీరే అన్నారు కద సార్. చచ్చిపో, ఊదిస్తాను అని."

చిన్నదొర కళ్లలో నిప్పులు కురిశాయి. ఇంకొక్క నిమిషంలో ఏమయ్యేదో కానీ ఇంతలో తెల్ల కెప్టెన్ ఇంగ్లీషులో విషయం అడిగాడు, పక్కవాడెవడో చెప్పాడు. తెల్ల కెప్టెన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. పాతకాపు దిగుతుంటే ఒక ఈలకి ఇంత రభసా, నా ఓడలో అయితే అడగగానే ఊదించేవాణ్ణి, అన్నాడు. అతను నవ్వుతున్నాడు కాబట్టి చిన్నదొర కూడా నవ్వాడు. చిన్నదొర నవ్వాడు కాబట్టి వరసల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. యజమాని ఎప్పుడో గాలికి వదిలేసిన రూలుని వీళ్లు నెత్తిన పెట్టుకుని మోస్తున్నారని ఒక్కడికైనా సిగ్గు వెయ్యలేదు. తర్వాత ఎడమోడు కుడిచేత్తో ఊదాడు, తెల్ల కెప్టెన్ దిగి కారెక్కి వెళ్లిపోయాడు. ఈలాయన తాడో పేడో తేల్చుకుందామని దిగితే, అది వాళ్లకి భోజనం తర్వాత కాస్త కాలక్షేపమైంది.

అప్పుడు చూశాడు ఈలాయన, భార్యని.

ఆవిడ జెట్టీ మీద, ఓడ తాడు కట్టే ఇనప దిమ్మ పక్కన నేల మీద కూర్చుని ఉంది. చెప్పినట్టే వచ్చింది. మంచి చీర కట్టుకుని వచ్చింది. ఆవిడ అక్కడ నిలబడి ఉండగా ఆ పొడుగు కూత మోగింది. అలవాటు కొద్దీ మెట్ల వైపు చూసింది, కాళ్ల మీద దిగేవాడు కనపడతాడని. స్ట్రెచర్ కనపడింది. దాని మీద టోపీ కనపడింది. ఆ టోపీ రిబ్బను ఊడిపోతే మొన్ననే తనే కుట్టింది, నల్లదారం లేక నీలందారంతో. స్ట్రెచర్ కిందికి వచ్చేసరికి ఆవిడ ఆ కుట్టు పోల్చుకుంది. అక్కడే కూలబడింది.

ఈలాయన ఈ పన్నాగంలో అందరి గురించీ ఆలోచించాడు. చిన్నదొర ఏం చేస్తాడో, మోసేవాళ్లు నవ్వు ఆపుకుంటారో లేదో, దుప్పటి కింద తుమ్ము వస్తే ఎలాగో అన్నీ ఆలోచించాడు. జెట్టీ మీదకి రమ్మని తను ఒప్పుకున్న మనిషి ఆలోచనలోకే రాలేదు. ఆవిడకి చెప్పొద్దని అనుకుని చెప్పకపోవడం కాదు. చెప్పాలని తట్టలేదు, అంతే.

లేచి దగ్గరకి వెళ్లాడు. "ఏమైంది? నేను బాగానే ఉన్నాగా. విన్నావా? ఊదారు. నాకు ఊదారు!"

ఆవిడ ఏడవలేదు. ఇనప దిమ్మ పట్టుకుని లేచి, చీరకి అంటిన మట్టి దులుపుకుంది.

"మీకెక్కడ ఊదారు," అంది. "మీరు దుప్పటి కింద నవ్వుకుంటున్నారు. వాళ్లు ఊదింది నాకు."

"ఊరికే, సరదాకి..."

"ముప్పై ఏళ్లు ఆ కూత వినపడినప్పుడల్లా చచ్చీ చెడీ కిటికీ దగ్గరకి వెళ్లాను. మీరు కాదని తేలాకే కూర్చునేదాన్ని. ఇవాళ్టితో అది అయిపోతుందనుకున్నాను. ఇవాళ మాత్రం దిగింది మీరే."

తాళంచెవి చేతిలో బిగించుకుని వెనక్కి తిరగకుండా నడిచి వెళ్లిపోయింది. మాత్రల మామ ఓడ మీంచి ఈలాయన పెట్టె తెప్పించి పక్కన పెట్టాడు. ఓడ మీద వాళ్లు పనుల్లోకి వెళ్లిపోయారు. ఈలాయన టోపీ పెట్టుకుని, పెట్టె భుజానికెత్తుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. ఎండ మండిపోతోంది. దారిలో ఎదురైన వాళ్లు, ఇంకేం ఇక హాయిగా ఇంట్లో కూర్చోవడమే కద అని పలకరించారు. అవును అవును అన్నాడు.

క్వార్టరు తలుపు వేసి ఉంది. తోశాడు, లోపల గడియ పెట్టి ఉంది. పెట్టె కింద పెట్టి ఊపిరి తీసుకున్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ ఈల మీదకి పోయింది. భార్య కూత ఊదాడు, ఒకటే, పొడుగ్గా. పక్కింటి తలుపు తెరుచుకుంది, పక్కింటావిడ చూసి మళ్లీ వేసేసుకుంది. ఇంకోసారి ఊదాడు. లోపల గిన్నెల చప్పుడు వినపడుతూనే ఉంది, ఆగలేదు.

తలుపు మీద కొట్టాడు. "ఏయ్. తలుపు."

"ఎవరూ?" అంది లోపల్నించి.

"నేనే."

"నేనంటే ఎవరు?"

"ఎవరేంటి, మీ ఆయన్ని."

"మా ఆయన పోయారు," అంది ఆవిడ. గొంతులో కోపం కూడా లేదు. "ఇందాకే ఈల ఊదారు. నేను విన్నాను."

ఈలాయన తలుపుకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇంకో కూత ఏదైనా ఉందా అని వెతుక్కున్నాడు. మూడొందల మందిని లేపే కూత ఉంది, పడుకోబెట్టే కూత ఉంది, దొరని ఎక్కించే కూత, శవాన్ని దింపే కూత ఉన్నాయి. ఈ తలుపుకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. చివరికి ఈల వదిలేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచాడు. గొంతు బొంగురుపోయింది, తన చెవికే కొత్తగా ఉంది.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. గడియ మాత్రం కదల్లేదు. ఆయన మళ్లీ పిలిచాడు.